మూడో చరణానికి కోడెక్ లేదు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో ఇచ్చిన మాట కోసం దేనికైనా తెగించే వీరనారి ఉంది. నోరు విప్పని మాయాయంత్రం ఉంది. పోయిన మనిషి గొంతు వెతుక్కుంటూ ఏడు ద్వారాలు దాటే ప్రయాణం ఉంది.

ఇలా మొదలుపెట్టాను గానీ, అసలు సంగతి ఇక్కడే చెప్పేస్తే మంచిది. ఉన్నది ఒక రిటైరైన హిందీ టీచరుగారు, ఒక పాత పెళ్ళి వీడియో, అది ఆడకపోవడం. ద్వారాలు కూడా ఏడు లేవు. వాళ్ళింటికి ఉన్నవి రెండే. వెనక తలుపు వర్షాకాలంలో ఉబ్బిపోయి తెరుచుకోదు.

పోయిన నెల ఆవిడ చనిపోయారు. చోడవరంలో మా వీధి మొగలో ఫ్లెక్సీ కట్టారు. 'ప్రశాంతంగా పరమపదించిన' అని రాయించారు. అది చదివినప్పట్నుంచి నాకు ఒళ్ళు మండుతోంది. ఆవిడ ఏ పనీ ప్రశాంతంగా చెయ్యలేదు. పాలప్యాకెట్టు మూల చిల్లు పడితే పాలవాణ్ణి నిలబెట్టి, ఆ చిల్లు ఎక్కడ పడిందో, ఎవరి వల్ల పడిందో తేల్చేదాకా సైకిలు కదలనిచ్చేవారు కాదు. అలాంటి మనిషి మీద ప్రశాంతత అంటగట్టడం చనిపోయినవాళ్ళు తిరిగి మాట్లాడలేరనే ధైర్యంతో చేసే పని. ఫ్లెక్సీ మీద నవ్వుతున్న ఫొటో కూడా వేశారు. అది ఎక్కడ దొరికిందో, ఎప్పుడు తీశారో నాకు తెలియదు. నేను మాత్రం ఆ నవ్వు చూడలేదు.

నేను చూసింది కళ్ళజోడుని. అది నుదుటి మీద ఉంటే శాంతి సమయం. ముక్కు మీదకి దిగిందంటే ఎవరికో మూడింది. మాట్లాడేటప్పుడు కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ సుద్దముక్క పట్టుకున్నట్టు దగ్గరగా ఉండేవి. రిటైరై ఎన్నేళ్ళయినా ఆ లేని సుద్దముక్కతో గాలిలో తప్పుల కింద గీతలు గీస్తూనే ఉండేవారు. ఫోన్లో రికార్డు గొంతు 'దయచేసి వేచి ఉండండి' అంటే 'ఎందుకు?' అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఆగేవారు. ఏటీఎం డబ్బివ్వకుండా 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' అంటే 'సింతించినట్టు మొహంలో కనపళ్ళేదు' అని దాని అద్దం వైపు చూసేవారు.

మా ఇల్లు వాళ్ళింటికి ఎదురు. నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగు. కానీ మా వీధి దృష్టిలో బీటెక్ అంటే బీటెకే. మిక్సీ తిరక్కపోయినా, ఆధార్‌కి ఫోన్ నంబరు కలవకపోయినా నన్నే పిలుస్తారు. దానికితోడు అప్పట్లో ఇంటి నుంచే ఉద్యోగం. పగలంతా ఇంట్లో కనపడే మగపిల్లాడికి పనేమీ ఉండదని మా వీధి ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ మా గేటు దగ్గర నిలబడ్డారు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

"ఒరే బాబూ, ఓపాలి రా. నా వీడియో నాకు సూపించనంటంది ఆ డబ్బా."

వెళ్ళాను. కంప్యూటరు మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంటుంది. దాన్ని తీసి, మడిచి, పక్కన పెట్టడం ఒక కార్యక్రమం. తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం: ఈ వీడియోకి కావలసిన కోడెక్ దొరకలేదు. ఆవిడ ఆ వాక్యాన్ని పైకి చదివారు, తొమ్మిదో తరగతి జవాబుపత్రం క్లాసు ముందు చదివినట్టు.

"ఏ కోడెక్కో సెప్పదేం? పేరు సెప్పకుండా మనిషి తప్పిపోయేడంటే ఎవుణ్ణని ఎతకాల?"

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా నేను బీటెక్ కాబట్టి వివరించాను. వీడియో ఉన్నదున్నట్టు పెడితే డిస్కులో పట్టదు, అందుకని మడత పెడతారు, ఒక్కొక్కరిది ఒక్కో మడత, ఆ మడత విప్పడం తెలిసిన చిన్న ప్రోగ్రామే కోడెక్, మన కంప్యూటరుకి ఈ మడత తెలియదు అన్నాను. బాగా చెప్పాననే అనుకున్నాను. ఆవిడ మాత్రం గాలిలో నా జవాబు కింద గీత గీశారు. మడత పెట్టినవాడు విప్పే పద్ధతి కూడా అందులోనే ఎందుకు పెట్టలేదట. షాపులో పట్టుచీర అమ్మి, విప్పడం మాకు తెలియదు పొమ్మంటే మా అమ్మ ఊరుకుంటుందా అట.

మా అమ్మ ఊరుకోదు. కంప్యూటర్లు తయారుచేసేవాళ్ళని అడిగితే లైసెన్సులని ఏదో అంటారు. ఆ మాట నాతో అనడం తేలిక. కళ్ళజోడు ముక్కు మీదకి దిగినప్పుడు ఆవిడ ముందు అని చూడాల్సింది.

ఇక వెతుకులాట. కోడెక్ లేనివాడి దుఃఖం మీద బతికే జాతి ఒకటి ఇంటర్నెట్లో ఉంది. ఉచిత కోడెక్ ప్యాక్ అని పేజీ తెరుస్తారు. పేజీ నిండా ఆకుపచ్చ బటన్లు, అన్నిటి మీదా 'డౌన్‌లోడ్' అనే ఉంటుంది. నిజమైన లింకు ఎక్కడో అడుగున, బూడిదరంగులో, చీమ రాసినట్టుంటుంది. నేను దాని కోసం వెతుకుతుండగానే ఆవిడ అన్నిటికంటే పెద్ద బటన్ నొక్కేశారు. అంత పెద్ద అక్షరాలతో అబద్ధం రాస్తారని ఆవిడ ఊహించలేదు. ఆ రోజు నుంచి ఆ కంప్యూటరు తెరవగానే ఏదో మంచు దేశపు వాతావరణం, ఒళ్ళు తగ్గించే మాత్రలు కనపడేవి. సోడవరంలో ఎండ ఎలాగుందో కిటికీలోంచి కనపడతంది, ఆ మంచు గోల నాకెందుకని ఆవిడ దాన్ని వారం పాటు తిట్టారు. నేను తీసేశాక, నోటీసు ఇవ్వకుండా ఎందుకు పోయిందని కూడా తిట్టారు.

చివరికి సరైన ప్యాకు దొరికింది. అది కంప్యూటర్లోకి ఎక్కుతుండగా, అసలు ఈ వీడియో ఇంత అర్జెంటుగా ఎందుకని అడిగాను.

అది వాళ్ళ అక్క పెద్దకూతురి పెళ్ళి వీడియో. పెళ్ళిలో ఆ అక్క మంగళహారతి పాడింది. పాట వాళ్ళ అమ్మ కట్టింది. మూడో చరణం మాత్రం అక్క తనే కట్టుకుంది, కూతురి కోసం. ఎవరూ రాసుకోలేదు. అక్క పోయింది. ఇప్పుడు చిన్నకూతురి పెళ్ళి కుదిరింది. అమ్మ పాట నువ్వే పాడాలి పిన్నీ అని ఆ పిల్ల అడిగితే, ఈవిడ సరేనన్నారు. అన్నాక చూసుకుంటే రెండు చరణాలే వచ్చు.

మూడోది మీరు వినలేదా అన్నాను. అక్క పాడుతున్నంతసేపూ హారతి పళ్ళెం తన చేతిలోనే ఉందట. కర్పూరం ఆరిపోకుండా చూసుకోవడంతోనే సరిపోయిందట. పెద్దకూతుర్ని అడగొచ్చు కదా అంటే, అదీ అయిందన్నారు.

"ఆ రోజంతా ఏడుపే దానికి. ఏటీ ఇన్లేదంట. పెళ్ళి కుదిరిన సిన్న గుంట ఒక్కటే కోరింది. నగలడగలేదు, సీరలడగలేదు. అమ్మ పాట కావాలంది. మూడో చరణం మర్సిపోయేనని దానికేటని సెప్పను?"

జోకు వెయ్యడానికి నోరు తెరిచాను. ఈలోగా ప్యాకు ఎక్కడం అయిపోయింది.

వీడియో ఆడింది. బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. పెళ్ళిపందిరి, భజంత్రీలు, బుగ్గలు ఉబ్బించి సన్నాయి ఊదుతున్న పెద్దాయన, అందరూ ఏదో శాపం తగిలినట్టు నిశ్శబ్దంగా ఊగిపోతున్నారు. బొమ్మకి ఒక కోడెక్, గొంతుకి ఇంకో కోడెక్ ఉంటాయని చెప్పాల్సి వచ్చింది. ఆవిడ నా వైపు చూశారు, ఈ పద్ధతి పెట్టింది నేనే అన్నట్టుగా. మనిషిని పంపి గొంతు వేరే పార్సిల్లో పంపుతారా అన్నారు. పంపుతారండి అన్నాను. అప్పుడే నాక్కూడా కోపం రావడం మొదలైంది. అప్పటిదాకా కోడెక్ అనేది నాకు ఒక చిరాకు మాత్రమే. ఇప్పుడు చూస్తే, పోయినావిడ గొంతుకీ బతికున్నావిడ చెవులకీ మధ్య నిలబడి 'సపోర్టు లేదు' అంటున్నవాడిలా కనిపించింది.

తర్వాత నేను చేసిన పని మొదటే చెయ్యాల్సింది. అన్ని కోడెక్‌లూ తన కడుపులోనే పెట్టుకుని వచ్చే ఉచిత ప్లేయర్ ఒకటుంది. రోడ్డు పనుల దగ్గర అడ్డం పెట్టే నారింజరంగు కోను దాని గుర్తు. దాన్ని ఎక్కించి, వీడియోని హారతి దగ్గరకి జరిపాను. ఆవిడ కుర్చీ ముందుకి లాక్కున్నారు. తెర మీద అక్కగారు నోరు తెరిచారు.

శబ్దం వచ్చింది. బ్రహ్మాండంగా వచ్చింది. ఆ ఏడాది ఊరంతా మోగిన ఒక సినిమా డ్యూయెట్. జరీచీర కట్టుకుని, నుదుట రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, కళ్ళు సగం మూసి పాడుతున్న అక్కగారి నోట్లోంచి కుర్ర హీరో గొంతు వచ్చింది. మధ్యలో ఈల కూడా వేశాడు.

పెళ్ళి వీడియోలు తెలిసినవాళ్ళకి ఇది వింతేం కాదు. మా వైపు స్టూడియోల్లో పద్ధతే అది. పెళ్ళిలో ఉన్న శబ్దం మొత్తం తీసి పారేసి, తాళి దగ్గర ఒక పాట, తలంబ్రాల దగ్గర ఒక పాట, భోజనాల దగ్గర ఇంకో పాట పరిచేస్తారు. మేమంతా అలాగే చూశాం, బాగుందనే అన్నాం. అది గుర్తురాకే ఇన్నాళ్ళూ మేమిద్దరం కోడెక్‌ని తిట్టుకుంటూ తిరిగాం. పాట వినపడనిది కోడెక్ లేక కాదు, ఆ వీడియోలో అక్కగారి గొంతే లేదు.

ఆవిడ లేచి, కంప్యూటరు మీద గుడ్డ కప్పకుండానే చెప్పులేసుకున్నారు. అలా బయల్దేరడం నేను చూసింది అదొక్కసారే.

స్టూడియో బస్టాండుకి ఇవతల. క్రషింగ్ రోజులు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకు ట్రాక్టర్లు రోడ్డు పట్టి ఉన్నాయి. ఒక ట్రాక్టరు వెనక నుంచి చెరుకుగడలు నా మొహం దాకా వేలాడుతున్నాయి. ఆవిడ దాన్ని ఆపి, డ్రైవరుకి తన లోడు ఎంత వెడల్పుందో చెప్పి, అతను ఒప్పుకున్నాక రోడ్డు దాటారు.

స్టూడియో ఆయన కూడా ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. హిందీ ఒక్కటే తప్పాడట. ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడ్డాడు, ఆ నిలబడ్డంలో పాత భయం ఉంది. సంగతి విన్నాడు. అప్పట్లో అందరికీ అలాగే చేసేవాళ్ళమన్నాడు. అసలు శబ్దంలో జనరేటరు గోల, పిల్లల ఏడుపులు తప్ప ఏముంటుందన్నాడు. పాటలు వెయ్యకపోతే జనాలు ఊరుకోరన్నాడు.

"మా అక్క పాట నీకు జనరేటరు గోలలాగ ఇనపడిందేటిరా?"

అతను తల దించుకున్నాడు. అసలు రికార్డింగు ఉందా అని నేను అడిగాను. కెమెరా కార్డులు ఖాళీ చేసి తర్వాతి పెళ్ళికి వాడేస్తామన్నాడు. ఆ తర్వాత, మంచి మనసుతోనే, నా జీవితంలో నేను విన్న అతి ప్రమాదకరమైన మాట అన్నాడు.

"పోనీ మేడమ్, ఆ బిట్టుకి ఇప్పుడు మంచి భక్తిపాట ఏసిచ్చేమంటారా?"

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆవిడ గాలిలో ఒక పెద్ద ఇంటూ మార్కు గీసి బయటికొచ్చేశారు. అతను మొత్తం పరీక్ష తప్పాడన్నమాట.

ఇంటికి వచ్చి మళ్ళీ వీడియో ముందు కూచున్నాం. డ్యూయెట్ మొదలైంది.

"దాన్ని నోరు ముయ్యమను" అన్నారు.

మీట నొక్కాను. రెండు ఆదివారాలుగా శబ్దం కోసం చేసిన చాకిరీ మొత్తం ఒక మీటతో పోయింది. ఆవిడ తెరకి జానెడు దూరంలో మొహం పెట్టి అక్కగారి పెదాలు చూడ్డం మొదలుపెట్టారు. వెనక బెంచీలో ఎవడైనా పెదవి కదిపితే ఏం తిట్టాడో బోర్డు వైపు తిరిగి ఉండి కూడా చెప్పగలిగేవారని వీధిలో పేరుండేది. నేను నమ్మేవాణ్ణి కాదు. ఆ రోజు నమ్మాను. మొదటి చరణం తెర మీద అక్కతో కలిసి పాడారు. పెదాలూ పాటా ఎక్కడా తేడా రాలేదు. రెండోదీ అంతే. మూడోది మొదలవగానే గొంతు తగ్గించి, ఒక్కో పెదవి కదలికనీ వెనక్కి తిప్పించుకుని, నాలుగైదు మాటలు వేసి చూసి, తీసేసి, మళ్ళీ వేసి, మెల్లగా అన్నారు:

"పాలపొంగు వంటి పిల్లా, పసుపు కుంకుమ పచ్చనా... మెట్టినింటి మెట్టు మీద మెల్లగా అడుగేయవే..."

అదేనండి, సరిగ్గా సరిపోయింది అని నేనే కుర్చీలోంచి లేచాను.

మూడో పాదం దగ్గర తెర పగిలి హృదయాకారమైంది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ అందులో తేలారు. చుట్టూ గులాబీలు రాలాయి. స్టూడియో వారి కళాత్మకత. గులాబీలు ఎంత తీరిగ్గా రాలాయంటే, ఒక పాదం మొత్తం వాటి కింద పూడిపోయింది. అవి అయ్యేసరికి నాలుగో పాదం మొదలైంది. అక్కగారికీ కెమెరాకీ మధ్య ఒక తలకాయ వచ్చింది. పెద్ద ముడి, ముడి నిండా కనకాంబరాలు.

"ఆ అడ్డంగా ఉన్నదెవుర్రా? ఎనక్కి జరగొచ్చు కదా."

చెప్పాలా వద్దా అని ఆలోచించాను. తెర మీద కాస్త కిందకి చూశాను. తలకాయ కింద, చేతుల్లో హారతి పళ్ళెం ఉంది.

"మీరేనండి" అన్నాను.

కళ్ళజోడు నుదుటి మీదకి వెళ్ళలేదు, ముక్కు మీదా ఉండలేదు. ఆవిడ తీసి చేతిలో పట్టుకున్నారు. తెర మీద ఆ కనకాంబరాలు కదలకుండా ఉన్నాయి. కర్పూరం బాగానే వెలుగుతోంది. నేనెప్పుడూ ఏదో ఒకటి అంటాను కాబట్టి, కరెంటు పోయేలా ఉందన్నాను. పోలేదు.

తర్వాత నేను ఆ వీడియోని ఎన్ని రకాలుగా తిప్పినా తలకాయ పక్కకి జరగలేదు. దానికి కోడెక్ ఎవరూ తయారుచెయ్యలేదు.

పెళ్ళి చోడవరంలోనే జరిగింది. ముందు రోజే ఆవిడ కెమెరా కుర్రాళ్ళని వరసలో నిలబెట్టి, హారతి దగ్గర సినిమా పాట వేస్తే ఏమవుతుందో చెప్పారు. డ్రోన్ తెచ్చినవాడికి వేరే చెప్పారు. నాతో మాత్రం, వాళ్ళని నమ్మడానికి లేదు, నీ ఫోన్లో నువ్వు తియ్యి అన్నారు. హారతి వేళకి పళ్ళెం వేరేవాళ్ళకి ఇచ్చేశారు. కర్పూరం ఆరిపోతుందని ఎవరో అంటే, ఆరిపోనీ అన్నారు.

పాడారు. గొంతు గొప్పదేమీ కాదు. క్లాసులో హాజరు పిలుస్తున్నట్టుంటుంది. మొదటి రెండు చరణాలకీ ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మూడో చరణం మొదలెట్టారు. పాలపొంగు అయింది, మెట్టినింటి మెట్టు అయింది. అక్కడ ఆగుతారనుకున్నాను. ఆవిడ ఆగలేదు.

"ఆకలైతే అడిగి తినవే, అలిగి పస్తు పండకే... కోపమొస్తే కోపపడవే, కూడు తిన్న తరవాతనే..."

పెళ్ళికూతురు ఏడుపు మధ్యలో నవ్వేసింది. పందిరంతా నవ్వింది. పెద్దకూతురు, అదే ఆ పాత వీడియోలో పెళ్ళికూతురు, పరిగెత్తుకొచ్చి ఆవిణ్ణి పట్టుకుని, ఇదే పిన్నీ, అమ్మ ఇదే పాడింది అని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ రోజు ఏమీ వినలేదని చెప్పిన మనిషి.

భోజనాల దగ్గర ఆవిడ పక్కన కూచున్నాను. పప్పులో ఉప్పు గురించి వంటవాడితో వాదన ముగిసేదాకా ఆగి, ఆ చివరి రెండు పాదాలూ ఎవరివండీ అని అడిగాను. ఆవిడ నా విస్తరి వైపు చూశారు, నేనింకా తినడం మొదలుపెట్టలేదని గమనించారు.

"అక్కవే. దాని నోరు కనపళ్ళేదంతే."

నేను అన్నం కలుపుకున్నాను. ఆ పాట నా ఫోన్లో ఉంది. వాళ్ళ బంధువులు అడుగుతుంటారు, పంపుతుంటాను. సగంమందికి కంప్యూటర్లో తెరుచుకోదు. మీరెవరైనా ఇలాంటిది తియ్యదలచుకుంటే, ముందుగా ఫోన్ కెమెరా సెట్టింగుల్లోకి వెళ్ళి వీడియో ఫార్మాటు దగ్గర హెచ్.264 అనే పాత కోడెక్ పెట్టుకోండి. అన్నిట్లోనూ ఆడుతుంది. ఫైలు సైజు కొంచెం పెరుగుతుంది.